స్వానుభవ రచన

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమలో మల్దకల్ తిమ్మప్ప పేరెరుగనివారుండరు. మార్గశిర మాసమున జరుగు ఆ స్వామి జాతరకు గద్వాల ప్రాంతమువారే కాక రాయచూరు వైపునుండి కన్నడిగులును వత్తురు. ఇటీవల ఆ ప్రాంతమున ఉపాధ్యాయుడుగా నున్న మిత్రుడొకడు తన బాలబాలికలు 'మా ఊరి జాతర' అను విషయముపై వ్రాసిన వ్యాసముల కట్టను మాకు చూపెను. నలువదికి తక్కువ గాకుండ నున్నవి. అన్నియు చదివితిమి. జాతరలు మన సంస్కృతికి ప్రతిబింబములని చాలవానికి ఆరంభము; మనమందరము ఐకమత్యముతో మెలగవలెనని ముగింపు. నడుమ రంగులరాట్నము, మిఠాయి దుకాణము, జనసందోహము. మల్దకల్ అను పేరు తీసివేసి మరియే ఊరి పేరు పెట్టినను ఆ వ్యాసములకు వచ్చు లోపమేమియు లేదు.

ఒక బాలిక వ్రాసినది మాత్రము వేరుగా నుండెను. తానును తల్లియు పత్తి యేరిన కూలిలోనుండి అవ్వ తనకు ఇరువది రూపాయల నోటు ఇచ్చెననియు, ప్రొద్దుగ్రుంకువరకు దుకాణముల వెంబడి తిరిగియు ఏమి కొనవలెనో తోచలేదనియు, చేతిచెమటకు మెత్తబడిన ఆ నోటును రాత్రి మరల అవ్వ చేతిలోనే పెట్టితిననియు ఆమె వ్రాసెను. ఆరు వాక్యములు, అంతే. వానిమీద ఎర్రసిరాతో అడ్డగీత గీయబడి, ప్రక్కన 'విషయమునకు సంబంధము లేదు' అని యున్నది. గీత గీసినవాడు ఆ మిత్రుడే. సంగతి యడుగగా కొంత సిగ్గుపడి, పరీక్షలో దిద్దువారు అట్టివానికి మార్కులు వేయరనియు, తన పిల్ల నష్టపోరాదని గీసితిననియు చెప్పెను. అతని మాట అసత్యము కాదు. ఆ కట్టలో జాతరను కన్నులార చూచి వ్రాసిన దానిపైననే గీత పడుట మాత్రము మా మనస్సునుండి పోకున్నది.

బాలురనే అననేల? పెద్దల స్థితియు ఇంతకన్న మేలుగా లేదు. మాకు చిరపరిచితుడైన వృద్ధ భూస్వామి యొకడు కలడు. రాత్రి భోజనానంతరము అరుగుమీద కూర్చుండి ఆయన చెప్పు ముచ్చట వినుచున్నచో కాలము తెలియదు. వరుసగా వానలు తప్పిన యేడు బావి యడుగంటుటయు, ఇంట పుట్టి పెరిగిన కోడెల జతను సంతకు తోలుటయు ఆయన చెప్పగా పలుమారులు వింటిమి. బేరము కుదిరి పలుపు చేయి మారినప్పుడు ఆయన కన్ను చెమర్చలేదట. వెంట వచ్చిన జీతగాడు మాత్రము సంత నడుమ నిలుచుండి బిగ్గరగా ఏడ్చెనట. 'ఎడ్లు నావి, ఏడుపు వానిది' అని చెప్పి ఆయన కొంతసేపు మాటలాడక యుండెడివాడు. దీనిని వ్రాసి యిండని మేము పట్టుబట్టితిమి. నెల దినములకు ఇరువది పుటలు పంపెను. తమ వంశము మిక్కిలి ప్రాచీనమైనదనియు, తాతగారు దానధర్మపరులనియు, తాము క్షామకాలమున ధైర్యము వీడలేదనియు అందున్నది. సంత లేదు, పలుపు లేదు. జీతగాడు మొదలే లేడు.

నోటికి వచ్చిన కథ కలమునకు ఏల రాలేదు? వ్రాత యనగా గౌరవప్రదమైన విషయములను గౌరవప్రదమైన మాటలతో చెప్పుట యని మనము నేర్చియున్నాము. గద్వాల ప్రభువుల ఆస్థానమున పండితసభలు జరిగి, ఆ పట్టణమునకు 'విద్వద్గద్వాల' యను కీర్తి వచ్చెను. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములును విద్వాంసులను పోషించినవే. ఆ విద్యావైభవమును మేము తక్కువచేయము. అయినను ఆ సంస్థానములలో జొన్న విత్తిన కాపు ఆ యేట ఏమి తినెనో, ఏ వడ్డీకి అప్పు తెచ్చెనో తెలిసికొనగోరినచో పద్యములలో మనకు దొరకునది స్వల్పము. ఈ నడిగడ్డ బిడ్డయే యగు సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ లోపమును బాగుగా గుర్తించినవారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, తెలంగాణమున కవులే లేరన్న మాటకు 1934లో 354 కవులతో గోలకొండ కవుల సంచికను ప్రత్యుత్తరముగా నిచ్చిన ఆయనయే, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రమును వెలువరించెను. జనుల తిండి, బట్ట, ఆట, పంట, పండుగలను తెలిసికొనుటకై ఆయన పాత కావ్యముల నెంతగా గాలింపవలసి వచ్చెనో ఆ గ్రంథము చదివినవారికి తెలియును. ఒక్కొక్క తరమున పదిమంది కాపులు, పదిమంది సాలెలు తమ దినచర్యను వ్రాసి యుంచినచో అంత శ్రమ యేల?

వ్రాసినవారు లేకపోలేదు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిరి. పోవునప్పుడు కృష్ణ దాటి ఈ పాలమూరు సీమ మీదుగానే హైదరాబాదు చేరిరి. ఏ మజిలీలో నీరు తియ్యన, ఎచ్చట దిగుటకు చావడి కలదు, ఏ సరకు దొరకును, బాట యెట్టిది, సుంకమెవరు తీయుదురు—ఇట్టివి దినదినము వ్రాసికొని మిత్రునకు పంపిరి. అది వారి మరణానంతరము 1838లో అచ్చయ్యెను. తాము గొప్ప గ్రంథము వ్రాయుచున్నామను తలపుతో కూర్చుండినచో వీరాస్వామిగారును నీటి రుచిని విడిచి కాశీమాహాత్మ్యమునే వ్రాసియుందురేమో! కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము 1911లోను 1915లోను రెండు భాగములుగా వెలువడెను. అటు పిమ్మట తెలుగున స్వీయచరిత్రలు పెక్కు వచ్చినవి. వానిలో పెద్దభాగము పేరుగన్న నాయకులవియు, పండితులవియు అగుటచే సామాన్య గృహస్థుడు 'నేనెంతవాడను?' అని వెనుదీయుచున్నాడు.

అట్టివారికి మేము చూపదలచినది మరియొక త్రోవ. 1929లో పాలమూరు జిల్లా బిజినేపల్లిలో జన్మించిన పాకాల యశోదారెడ్డిగారు విశ్వవిద్యాలయములో ఆచార్యపదవి నలంకరించిన విదుషీమణి. ప్రబంధభాష ఆమెకు కరతలామలకము. అయినను మా ఊరి ముచ్చట్లు చెప్పవలసి వచ్చినపుడు ఆమె తన పల్లెలోని ఆడువారి నోటి మాటనే కాగితముపై నిలిపెను. ఆ ఎచ్చమ్మలు, ఆ కొట్లాటలు, ఆ వేళాకోళములు పాలమూరులో తప్ప మరియెందును పుట్టవు. మేము గ్రాంథికమున వ్రాయుచు ఇంటి మాటను మెచ్చుకొనుట చదువరులకు వింతగా తోపవచ్చును. మా అలవాటు మాది. అది ఇతరుల కలమునకు సంకెల కానక్కరలేదు.

ఇది వట్టి సాహిత్యవిలాసము కాదు. హైబ్రిడ్ పత్తివిత్తనము పండించుటలో గద్వాల, మల్దకల్, అయిజ, గట్టు ప్రాంతములకు దేశమున పేరున్నది. సాయంకాలము మొగ్గ నొలిచి అందలి మగకేసరములను తీసివేసి, మరునాటి యుదయమున మగచెట్ల పూలు తెచ్చి పుప్పొడి రాయుదురు. క్రాసింగు అని అందరును పిలుచునది దీనినే. మొగ్గ మొగ్గకును చేతితో చేయవలసిన పని. సుమారు రెండు నెలలు ఒక్క దినమైనను తప్పరాదు. దీనికి చిన్నవ్రేళ్లు అనుకూలమను సాకుతోను, కూలి తక్కువ యను లోభముతోను బాలికలను బడి మాన్పించి చేలలో నిలిపిరని 1990ల చివరినుండి నివేదికలు వెలువడెను. అవి విదేశములవరకు పోయెను. 2011 జనగణనలో ఉమ్మడి పాలమూరు జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతముగా, నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో అట్టడుగున తేలినది.

ఆ నివేదికలలో ఎకరములున్నవి, పిల్లల లెక్కలున్నవి, కూలిరేట్లున్నవి. ఏ జామున లేపిరో, మంచుకు తడిసిన ఆకులలో నడచునప్పుడు లంగా ఎంత బరువెక్కెనో, గట్టు మీదుగా పుస్తకముల సంచితో పోవు ఈడుపిల్లను చూచి ఏమనుకొనెనో వానిలో లేదు. ఆ బాలికలు నేడు ముప్పది నలువది యేండ్ల గృహిణులు. వారిలో అక్షరములు కూడబలుకుకొనగలవారు కొందరైనను ఉందురు. వారు చెప్పగా వ్రాసిపెట్టగల కొడుకులు, కూతుండ్రు నేడు కలరు. మరి చేని యజమానియో? అతడును వ్రాయలేదు. ఆర్గనైజరు వద్ద తెచ్చిన అప్పెంత, పరీక్షలో నిలువలేదని తిరుగగొట్టబడిన విత్తనమెంత, ఆ నష్టమును ఎవరి కూలిలో తగ్గించుకొనెను—ఇది అతడొక్కడే చెప్పగల కథ. అందు తనకు ప్రతికూలమైన వాక్యములు నాలుగైనను ఉండకపోవు. వానిని విడిచి వ్రాసినచో మరల వంశప్రశస్తియే యగును. మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు కాన ఈ మాట కొందరికి కష్టము కలిగింపవచ్చును. కలిగించినను చెప్పక తప్పదు.

కాలము మనకొరకు ఆగదు. 1948లో పోలీసుచర్య నాటికి పదునైదేండ్లవారై యుండినవారు నేడు తొంబది దాటినవారు. సంస్థానముల చివరిదినములు, వెట్టి, నాణెముల మార్పు తమ కన్నులతో చూచినవారు ఊరికొక్కరైనను మిగులలేదు. మొన్నమొన్నటిదగు 2009 అక్టోబరు వరదనే తీసికొనుడు. తుంగభద్ర పొంగి కర్నూలును, అలంపురము వైపు పల్లెలను ముంచెను. ఆ రాత్రి ఏ మిద్దె యెక్కిరి, మగ్గముమీది చీరను కోసితెచ్చిరా, విడిచి వచ్చిరా, మొదట పడవ తెచ్చినదెవరు అని నేడడిగిన ఇద్దరు రెండు విధములుగా చెప్పుచున్నారు. మరి పదేండ్లకు ఆ రెండును దొరకవు.

వ్రాయుటకు సాధన వలయును, అది గానమువంటిదే. జీవితచరిత్ర నంతయు ఒక్కసారి వ్రాయబూనినవాడు రెండవ పుటలోనే చతికిలబడును. ఒక దినము, ఒక చోటు, ఒక పని చాలును. ఎక్కడ నిలుచుంటిరి, ఎవరెవరుండిరి, ఏది యెంతకు కొంటిరి అని మొదలిడవలెను. దుఃఖము కలిగెనని వ్రాయుటకన్న చేతిలోని పలుపును గూర్చి వ్రాయుట మేలు. చెలక, రేగడి, గుంటక, గొర్రు అని ఇంట పలికినట్లే వ్రాయవలెను. జ్ఞాపకము మోసగించునని కొందరందురు. నిజమే. సందేహమున్నచోట ఆ దినము వెంటనున్నవారినడిగి తెలిసికొనవలెను. అప్పటికిని తేలనిచో తేలలేదని వ్రాయవలెనే గాని కల్పనతో పూడ్చరాదు. వ్రాసినదానిని మరునాడు బిగ్గరగా చదివినయెడల, అరుగుమీద చెప్పుటకు సిగ్గుపడు వాక్యమేదో చెవికే తెలిసిపోవును. దానిని కొట్టివేయవలెను.

పాఠశాలలలో వారమునకొక గంట ఇట్టి వ్రాతకు విడిచి, దానికి మార్కుల బెడద లేకుండ చేయుట ప్రభుత్వమునకు భారము కాదు. గ్రంథాలయములలో ఒక బీరువా ఈ నోటుపుస్తకములకు కేటాయించుట అంతకన్నను సులభము. మా మిత్రుడు ఆ బాలిక కాగితమును మాయొద్దనే విడిచిపోయెను. దానిని తిరిగి పంపుచు, ఎర్రగీత ప్రక్కన 'తరువాత అవ్వ ఆ ఇరువది రూపాయలతో ఏమి చేసెను?' అని పెన్సిలుతో వ్రాసి, ఆమె నడుగవలసినదని కోరితిమి. ప్రత్యుత్తరమింకను రాలేదు.

మల్దకల్ జాతరను గూర్చి గాని, పత్తిచేనును గూర్చి గాని, వరదను గూర్చి గాని తాము కన్నదానిని రెండు పుటలకు మించకుండ వ్రాసి పంపువారి రచనలను ఈ పత్రికలో ప్రచురింతుము. పేరు వలదన్నవారి పేరు వెల్లడింపము. వంశప్రశస్తులు మాత్రము పంపవలదని మనవి.