ఎండిన సిరా, ఆగిన పాఠము

వేసవి సెలవుల పిదప మన ఆదివారపు తెలుగు తరగతికి పాఠములు అచ్చు తీయబోగా, ప్రింటరు నుండి చారలు పడిన కాగితములు వచ్చినవి. తలకట్టు లేదు, గుడికి దీర్ఘము లేదు, ఒత్తులు సగమే పడినవి. అక్షరములు దిద్దుకొను పిల్లలకు అట్టి కాగిత మిచ్చుట కంటె ఇవ్వకుండుటయే మేలని రెండు వారములు పాఠ మాపితిమి. తమిళనాట మన పిల్లలకు తెలుగు పుస్తకము దొరకుటే కష్టమైన యీ దినములలో ఆ రెండు వారములు చిన్న నష్టము కాదు.

బీరువాలో వెదకగా తొమ్మిది పాత కాట్రిడ్జిలు మూతులు లేక పడియున్నవి. అవి చాలవరకు సిరా అయిపోయినవి కావు, ఎండినవి. కాట్రిడ్జి అడుగున వెంట్రుక కంటె సన్నని రంధ్రము లుండును. గాలి సోకినచో సిరాలోని నీరారి ఆ రంధ్రములు పూడుకొనును. గోరువెచ్చని నీట తడిపిన మెత్తని కాగితముపై రెండు మూడు నిమిషము లానించి, పిదప పొడి కాగితముపై అద్దితిమి. నాలుగు తేరుకొన్నవి. మూడు రంగుల దానికి మూడు చారలు వేర్వేరుగా పడినచో అది బాగుపడినట్లే. మెరయు లోహపు చుక్కలను మాత్రము తడియనీయరాదు. ముద్రణ రంధ్రములు కాట్రిడ్జికే యున్న రకములకు మాత్రమే ఈ పద్ధతి. యంత్రములోనే యున్నవానికి పనికిరాదు.

తక్కిన అయిదును తేరుకొనలేదు. ఇట్టి కాట్రిడ్జిలలో సిరాను వేడిచేసి చిమ్మించు సూక్ష్మ భాగములను చల్లబరచునదియు ఆ సిరాయే. అది పూర్తిగా అయిపోయినను అచ్చు తీయుచుండినచో అవి కాలిపోవును. కనుక అచ్చు పలుచబడగానే ఆపి, లోని స్పాంజి తడిగా నుండగనే సిరా నింపవలెను.

"క్రొత్తది కొనరాదా, ఈ పిసినారితన మేల?" అని కొందరు మిత్రు లడిగిరి. మేము వర్తకులము, పొదుపునకును లోభమునకును భేద మెరుగుదుము. సంఘపు ధనము సభ్యుల చందా. తడి గుడ్డ ముక్కతో కాపాడదగిన దానికై దానిని వెచ్చించుట ఔదార్యము కాదు, అజాగ్రత్త. అయితే చచ్చినదానిని దాచుటయు తగదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములలో ప్రింటర్లతోపాటు కాట్రిడ్జిలును చేరియున్నవి. వానిని చెత్తకుప్పలో వేయక, నమోదైన రీసైక్లింగు సంస్థల కప్పగింపవలెను.

ఇకమీదట ప్రింటరును గోడ స్విచ్చితో గాక దాని మీటతోనే ఆపవలెను. అప్పుడే రంధ్రములకు మూత పడును. సెలవులలోనైనను వారమున కొక రంగుల పుట అచ్చు తీయవలెను. తీసిన కాట్రిడ్జిని, మూతికి తగులకుండ తడి గుడ్డ నుంచిన బిగుతు డబ్బాలో, తేదీ వ్రాసి నీడపట్టున దాచవలెను. ఈ పనికి ఒక యువకుని నియమింపుడని కార్యవర్గమును కోరుచున్నాము. డబ్బా మా అంగడినుండి మేమే ఇత్తుము.