మూలపాఠం ఎక్కడుంది? – తెలుగు పరిష్కరణల, నిఘంటువుల ముద్రణలో మూస, స్క్రిప్టుల ఆవశ్యకత

మన తెలుగు శాఖలు వెలువరించిన ఏ పరిష్కృత కావ్యాన్నయినా, పదకోశాన్నయినా, పద్యానుక్రమణికనయినా చేతికి తీసుకొని ఒక ప్రశ్న వేయవచ్చు: దీని మూలపాఠం ఇప్పుడు ఎక్కడుంది? ఈ ప్రశ్న తాళపత్రాలను గురించినది కాదు. పరిష్కర్త ఏళ్ల తరబడి ప్రతులు పోల్చి నిర్ణయించిన పాఠం, తిరస్కరించిన పాఠాంతరాలు, చేర్చిన వివరణలు ఏ రూపంలో, ఎవరి అధీనంలో ఉన్నాయన్నది ప్రశ్న. చాలా సందర్భాలలో లభించే సమాధానం ఒక్కటే: అచ్చయిన పుస్తకంలో ఉన్నాయి. అంతకుమించి ఉంటే, డి.టి.పి. చేసినవారి పాత కంప్యూటరులో ఉండవచ్చు. దీనిని ముద్రణకు సంబంధించిన చిన్న అసౌకర్యంగా భావించి ఊరుకోవడం మనకు అలవాటయింది. ఇది పరిశోధన పద్ధతిలోని లోపమని, దానిని సరిదిద్దే బాధ్యత శాఖలదేనని ఈ వ్యాసం వాదిస్తుంది.

శుద్ధప్రతి సంప్రదాయం

సి.పి. బ్రౌను పండితులను నియమించి రాతప్రతులు సేకరింపజేశాడు, పోల్పించాడు, కాగితంపై శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును అచ్చువేయించినా, ఆయన సిద్ధం చేయించిన వాటిలో అధికభాగం ఆయన కాలంలో ముద్రణకు నోచుకోలేదు. అయినా ఆ శ్రమ వృథా కాలేదు. శుద్ధప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారం చేరాయి. తరువాతి పరిష్కర్తలు వాటిని ఉపయోగించుకున్నారు. అంటే ముద్రిత గ్రంథానికి వెలుపల, దానికి పూర్వరూపంగా, శాస్త్రీయ నిర్ణయాలన్నీ నిక్షిప్తమైన ఒక ప్రతి ఉండేది. ముద్రణ దాని ప్రయోజనాలలో ఒకటి మాత్రమే.

డి.టి.పి. యుగంలో ఈ సంప్రదాయం తెగిపోయింది. పరిష్కర్త చేతిరాత కాగితాలు కూర్పరికి ఇస్తాడు, ప్రూఫులు దిద్దుతాడు, దిద్దుబాట్లు పుటలోకి నేరుగా ఎక్కుతాయి. మూడవ ప్రూఫు నాటికి చేతిరాత ప్రతికీ పుటకూ పొంతన ఉండదు. చివరి పాఠం పుటలోనే ఉంది. ఆ పుట పేజ్‌మేకర్ ఫైలులో ఉంది. 1985లో ఆల్డస్ సంస్థ విడుదల చేసిన పేజ్‌మేకర్ తరువాత అడోబీ అధీనంలోకి వచ్చింది. 2001 నాటి 7.0 దాని చివరి ప్రధాన రూపం. అభివృద్ధి ఆగిపోయిన ఒక సాధనపు ఫైలులో మన పరిష్కరణల ఏకైక శుద్ధప్రతి బందీ అయి ఉన్నది.

అక్షరాల చిత్రం, అక్షరాల పాఠం

యూనికోడ్‌కు పూర్వపు తెలుగు ఫాంట్లు ముద్రణ రంగానికి చేసిన మేలును తక్కువ చేయనక్కరలేదు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, శాఖల ప్రచురణలు వాటిమీదనే నడిచాయి. కాని ఆ ఫాంట్లు దాచేది అక్షరాన్ని కాదు, అక్షరపు ఆకార ఖండాలను. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అన్నీ ఇంగ్లీషు అక్షరాల కోడ్ స్థానాలలో ముక్కలుగా కూర్చుంటాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు పద్యం అర్థంలేని రోమను అక్షరాల వరుసగా కనిపిస్తుంది. మార్పిడి సాధనాలున్నా, అరసున్న, శకటరేఫం, అరుదైన సంయుక్తాక్షరాలు ఉన్నచోట మళ్లీ అక్షరమక్షరం సరిచూడక తప్పదు. అంటే మరొకసారి పరిష్కరణ చేయడమే.

1991 నుంచి యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల విభాగం ఉంది. 2008లో దంత్య చ, జలు, 2014లో ప్రాచీన శాసనాలలోని ‘ఴ’, 2021లో నకారపొల్లు దానిలో చేరాయి. ఇందులో ‘క్ర’ అంటే కకారం, పొల్లు గుర్తు, రేఫం అనే వర్ణక్రమం. కంటికి కనిపించే ఆకృతిని నిర్మించడం ఫాంటు పని. వర్ణం వేరు, ఆకృతి వేరు అన్న ఈ విభజన వ్యాకరణం చదువుకున్న మనకు కొత్తది కాదు. ఈ విభజనను పుటకు కూడా వర్తింపజేయాలన్నదే నా వాదం: పాఠం వేరు, పుట వేరు.

మూస, స్క్రిప్టు చేసే పని

ఈ విభజనను ఆచరణలో పెట్టే సాధనాలు స్వేచ్ఛగా లభిస్తున్నాయి. స్క్రైబస్ అనే పుటకూర్పు సాధనంలో ‘స్క్రిప్టర్’ అనే ప్లగిన్ ఉంది. దాని ద్వారా పైథాన్ భాషలో రాసిన స్క్రిప్టులు పుటలను నిర్మించగలవు. ‘స్క్రైబస్ జనరేటర్’ అటువంటి స్క్రిప్టే. పుట నమూనాను ఒక మూసగా తయారుచేసి, మారే అంశాలున్న చోట పేర్లతో స్థానసూచికలు పెడతాము. సమాచారాన్ని ఒక పట్టికలో ఉంచుతాము; పట్టిక మొదటి వరుసలో ఆ పేర్లే ఉంటాయి. స్క్రిప్టు ఒక్కొక్క వరుసను చదివి, ఆయా స్థానాలలో నింపి, పి.డి.ఎఫ్. పుటలను వెలువరిస్తుంది. హార్ఫ్‌బజ్ అనే ఆకృతి నిర్మాణ వ్యవస్థ చేరిన తరువాత స్క్రైబస్ తెలుగు సంయుక్తాక్షరాలను సరిగా కూర్చగలుగుతున్నది. 2024లో విడుదలైన 1.6 స్థిరరూపంలో ఆ సౌకర్యం ఉంది.

దీని ప్రయోజనానికి మన నిఘంటు రచననే ఉదాహరణగా తీసుకోవచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. క్షేత్రపర్యటనలో సేకరించిన పదం, దాని అర్థం, అది వాడుకలో ఉన్న ప్రాంతం అన్నవి అటువంటి కోశానికి ప్రాణం. ఈనాడు అటువంటి పని చేపట్టే శాఖ ఆరోపం, వ్యాకరణ విభాగం, అర్థం, ప్రాంతం, వృత్తి, ఆధారం అనే అంశాలను పట్టికగా ఉంచుకుంటే, ఒక మూసతో అకారాది కోశం వెలువడుతుంది. రెండవ మూసతో జిల్లాలవారీ పదపట్టిక వెలువడుతుంది. మూడవ మూసతో వృత్తులవారీ చిన్న పుస్తకాలు వెలువడతాయి. పాఠం ఒక్కటే. ఒక అర్థాన్ని సవరిస్తే మూడింటిలోనూ సవరణ జరుగుతుంది. చేతికూర్పులో అయితే ఆ మూడూ మూడు వేర్వేరు పుస్తకాలు, మూడు ప్రూఫులు, మూడు తప్పొప్పుల పట్టికలు.

పట్టికకు ఒదిగే కోశాలకు, అనుక్రమణికలకు స్క్రైబస్ చాలు. బహుళ పాఠాంతరాలున్న కావ్య పరిష్కరణకు టెక్ కుటుంబపు సాధనాలు మేలు. తన గ్రంథం రెండవ ముద్రణ ప్రూఫుల నాణ్యత నచ్చక డొనాల్డ్ నూత్ 1977లో టెక్ రూపకల్పనకు పూనుకున్నాడు; ఒక గ్రంథకర్త అక్షరకూర్పును తన బాధ్యతగా భావించిన ఫలితం అది. టెక్‌లో లువా అనే స్క్రిప్టు భాషను చేర్చిన రూపం లువాటెక్. పాఠాంతరాల కూర్పుకోసం ఎడ్‌మాక్ అనే పరికరాన్ని జాన్ లావగ్నీనోతో కలిసి నిర్మించిన డొమినిక్ వూజాస్తిక్ సంస్కృత పండితుడు. దాని పరంపరలో వచ్చిన రెలెడ్‌మాక్ పంక్తుల సంఖ్యలను తానే లెక్కించి, పాఠాంతరాలను ఒక శ్రేణిగా, వ్యాఖ్యను మరొక శ్రేణిగా పుట అడుగున అమరుస్తుంది. ఒక పద్యం కొత్తగా చేరితే సంఖ్యలన్నీ తామే సర్దుకుంటాయి. సంస్కృత విద్వాంసులు తమ అవసరాన్ని తామే గుర్తించి సాధనాన్ని నిర్మించుకున్నారు. మనం వారు నిర్మించినదాన్ని వాడుకోవడానికైనా ముందుకు రాలేదు.

యంత్రం అడిగే శాస్త్రప్రశ్నలు

స్క్రిప్టు రాయడం మొదలుపెట్టగానే మనం దాటవేస్తూ వచ్చిన ప్రశ్నలు ఎదురవుతాయి. అకారాదిక్రమం ఏది? వర్ణమాల చదివేటప్పుడు ళ, ఱలు చివర వస్తాయి. యూనికోడ్ వరుసలో ఱ రేఫం పక్కన, ళ లకారం తరువాత, వకారానికి ముందు ఉంటాయి. సున్నను స్వతంత్ర వర్ణంగా క్రమపరచాలా, ఆ వర్గపు అనునాసికంగా లెక్కించాలా? అరసున్నను క్రమంలో పట్టించుకోవాలా? కోడ్ వరుసకే వదిలివేస్తే ‘వాఁడు’ అన్నది ‘వాకిలి’కంటె ముందు చేరుతుంది. ఇవి యంత్రం తేల్చవలసిన విషయాలు కావు, నిఘంటుకర్త తేల్చవలసినవి. చేతికూర్పులో ఈ నిర్ణయం ఒక్కొక్క పుటలో ఒక్కొక్క తీరుగా జరిగినా ఎవరికీ తెలియదు. స్క్రిప్టులో అది ఒక్కచోట, స్పష్టంగా, విమర్శకు అందేలా రాయబడి ఉంటుంది.

ఛందస్సు విషయమూ అంతే. ఉత్పలమాలలో పాదానికి భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు, 20 అక్షరాలు ఉండాలి. పాఠం యూనికోడ్‌లో ఉంటే గురులఘువులను లెక్కించి, గణం తప్పిన పాదాలను ముద్రణకు ముందే ఏరి చూపే స్క్రిప్టును రాయవచ్చు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం సమాసంలో ఒక రీతిగా, విడిపదాల నడుమ మరొక రీతిగా ప్రవర్తిస్తుంది కనుక స్క్రిప్టు చూపే ప్రతి పాదమూ దోషం కాదు. అది పరిష్కర్త ముందుంచిన సందేహం మాత్రమే. కాని వేల పద్యాల కావ్యంలో వత్తు జారిన చోటును కంటికంటె ముందు పట్టుకునే ఈ సహాయాన్ని కాదనడానికి కారణం కనిపించదు.

పూర్వపక్షాలు

భాషాసాహిత్య ఆచార్యులు ప్రోగ్రాములు రాయాలా అన్నది మొదటి ఆక్షేపం. శాసనాలు పరిశోధించినవారు రాతిపై తడికాగితం పరచి, సిరా అద్ది నకలు తీయడం నేర్చుకున్నారు. ప్రాచీన లిపులు నేర్చుకున్నారు. అది కూలిపని అని ఎవరూ అనలేదు. పాఠం చేతికి చిక్కే మార్గం మారినప్పుడు నేర్చుకోవలసిన విద్య కూడా మారుతుంది. శాఖలో అందరూ నేర్వనక్కరలేదు. ఒకరిద్దరు నేర్చినా చాలు. తక్కినవారికి పట్టిక నింపడం తెలిస్తే సరిపోతుంది.

పాత ఫాంట్ల అందం కొత్తవాటికి లేదన్నది రెండవ ఆక్షేపం. పోతన, వేమన, మండలి, గురజాడ, ధూర్జటి, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు నేడు ఉచితంగా లభిస్తున్నాయి. వాటిలో కొన్ని సంయుక్తాక్షరాల తీరు నచ్చకపోవచ్చు. కాని ఫాంటు మార్చడానికి మూసలో ఒక్క మాట మారిస్తే చాలు. నచ్చిన ఫాంటు కోసం పాఠాన్నే తాకట్టు పెట్టిన చోట ఆ స్వేచ్ఛ లేదు.

కూర్పరుల జీవనోపాధి దెబ్బతింటుందన్నది మూడవది, అన్నిటిలోకీ గౌరవించదగినది. మన అచ్చుతప్పులను మనకంటె ముందు పట్టుకున్న కూర్పరులు ఎందరో ఉన్నారు. పుట సౌష్ఠవం, పంక్తుల ఎడం, పద్యపాదాల అమరిక వారికి తెలిసినంత మనకు తెలియదు. మూస రూపకల్పనకు కావలసిన నైపుణ్యం అదే. వేయి పుటలు చేత్తో నింపే శ్రమనుంచి ఒక మంచి మూసను రూపొందించే పనికి వారిని ఆహ్వానించి, వారి పేరును గ్రంథంలో ముద్రించడం న్యాయం.

స్క్రిప్టులో తప్పుంటే ప్రతి పుటలోనూ అదే తప్పు వస్తుందన్నది నాల్గవది. నిజమే. అయితే ఒకే తీరుగా పునరావృతమయ్యే తప్పు సులభంగా కంటపడుతుంది, ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా పోతుంది. నలుమూలలా చెదిరిన వేర్వేరు తప్పులకు అటువంటి విముక్తి లేదు; పునర్ముద్రణలో మళ్లీ కూర్చినప్పుడు పాతవి కొన్ని పోయి కొత్తవి కొన్ని చేరతాయి.

ప్రతిపాదనలు

శాఖల ముందుంచదగిన కోరికలు నాలుగు. ఒకటి: శాఖ ప్రచురించే ప్రతి పరిష్కరణకు, కోశానికి, అనుక్రమణికకు యూనికోడ్ పాఠాన్ని, మూసను, స్క్రిప్టును విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నిక్షేపించాలి, అవి అందిన తరువాతనే ముద్రణ వ్యయం చెల్లించాలి. రెండు: పిహెచ్.డి. పరిశోధనలో భాగంగా పరిష్కరణగాని, పదసేకరణగాని చేసినవారు సిద్ధాంత గ్రంథంతోపాటు ఆ పట్టికలను కూడా సమర్పించాలి. మూడు: పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో రాతప్రతుల పరిష్కరణ పక్కనే పాఠాన్ని పట్టికగా, గుర్తులతో అమర్చే విధానాన్ని బోధించాలి. నాలుగు: మూసను, క్రమనిర్ణయాన్ని, ఛందఃపరీక్షను రూపొందించిన శ్రమను పరిశోధనగా గుర్తించి, ఆచార్యుల పదోన్నతులలో లెక్కించాలి. వీటిలో ఏదీ భారీ నిధులను కోరదు. కోరేది నిర్ణయాన్ని.

శబ్దరత్నాకరం 1885లో అచ్చయింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. అచ్చుప్రతులే ఆధారమైతే, ఆ మహాగ్రంథాలను విస్తరించాలన్నా, ఒక ఆరోపం సవరించాలన్నా, వేరే క్రమంలో చదవాలన్నా అక్షరమక్షరం మళ్లీ ఎక్కించుకోవాలి. వారి కాలంలో మరో మార్గం లేదు కనుక ఆ కర్తలను తప్పుపట్టలేము. మన కాలంలో మార్గం ఉంది. మార్గం ఉండి కూడా మనం ప్రచురించే కోశాలను అదే స్థితిలో రాబోయే తరానికి అప్పగిస్తే, వారు మనకు ఆ మినహాయింపు ఇవ్వవలసిన అవసరం లేదు.