తాతయ్య గాలం కర్రకి స్ప్రే పెయింట్ ఎందుకు వద్దంటున్నానంటే

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న పెద్ద గొడవ ఒక గాలం కర్ర గురించి. తాతయ్య విశాఖ పోర్టులో పనిచేసే రోజుల్లో ఓడలో వచ్చినాయన ఎవరో ఇచ్చి వెళ్లిన ఫైబర్‌గ్లాస్ రాడ్ అది. రెండు ముక్కలు, మధ్యలో జాయింట్, కింద కార్క్ పిడి. తాతయ్య పోయాక అటకెక్కింది, మొన్న ఇల్లు సర్దుతుంటే దిగింది. ఒంటి మీద మెరుపు పోయింది. రింగుల దగ్గర వార్నిష్ పసుపెక్కి పగిలింది. మావయ్య మాట ఒక్కటే: "బైకులకి పెయింట్ వేసే షాపులో పడేస్తే సాయంత్రానికి కొత్తదైపోతుందిరా." నేను వద్దంటున్నాను. ఇంట్లో వినట్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

అసలు ఆ పూత అక్కడ ఎందుకుందో ముందు చూడాలి. ఫైబర్‌గ్లాస్‌కి ముందు మంచి రాడ్లు చాలావరకు వెదురువే. వెదురుని సన్నగా చీల్చి, సాధారణంగా ఆరు బద్దల్ని జిగురుతో అంటించి చేసేవారు. 19వ శతాబ్దంలో అమెరికా వాళ్లు దీనికి మొదట వాడింది మన దేశం నుంచి వెళ్లిన వెదురే, దాన్ని కలకత్తా కేన్ అనేవాళ్లు. తర్వాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వైపు దొరికే టోంకిన్ కేన్ వచ్చి దాన్ని పక్కకి నెట్టేసింది. (ఇది చదివి నాకు కొంచెం బాధేసింది, ఎందుకో తెలీదు.) అలాంటి వెదురు రాడ్‌కి వార్నిష్ అంటే ప్రాణమే. పూత పోతే తడి లోపలికి వెళ్తుంది, జిగురు వదులుతుంది, కర్ర వంగినచోటే ఉండిపోతుంది. పోనీ గట్టిగా గీకి కొత్త పూత వేద్దామా అంటే, వెదురులో బలమైన నారంతా పైచర్మం కిందే ఉంటుంది. గీకితే పోయేది ఆ బలమే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్ రాడ్లు వచ్చాయి. గాజు నార, రెసిన్ కలిపి చేసిన గొట్టం. నీళ్లంటే దీనికి వెదురుకున్నంత భయం లేదు. కాబట్టి మా రాడ్ ఒంటి మీద మెరుపు పోవడం పెద్ద జబ్బేమీ కాదు. అసలు జబ్బు రింగుల దగ్గరుంది. రింగుకి స్క్రూలు, నట్లు ఏవీ ఉండవు. దాని కాళ్లని రాడ్‌కి ఆనించి, పైన దారం బిగించి చుట్టి, దారం మీద వార్నిష్ వేస్తారు. అంతే. ఆ వార్నిష్ పగిలితే సముద్రపు నీళ్లు దారం కిందకి దిగుతాయి. రింగు కాలు లోపల్లోపలే తుప్పు పడుతుంది, చుట్లు వదులవుతాయి. ఆ సంగతి బయటపడేది ఎప్పుడో తెలుసా? పెద్ద చేప లాగినప్పుడు.

ఇప్పుడు స్ప్రే షాపు సంగతి చూడండి. ఆయన పగుళ్ల మీద, తుప్పు మీద, బాగున్న చోట, బాలేని చోట అంతా ఒకే రంగు కొడతాడు. మన భాషలో చెప్పాలంటే బగ్‌ని అలాగే ఉంచి యూఐ మార్చడం. పైగా రాడ్ చివర చాలా సన్నగా ఉంటుంది. అక్కడ మందంగా రంగు పడితే బరువు పెరిగి ఆ ఊపు మందగిస్తుంది. గోడ మీద వేలాడదీయడానికైతే పర్లేదు. నాకు భీమిలి తీసుకెళ్లాలని ఉంది.

"పాతవి అస్సలు ముట్టుకోకూడదు, ఎలా ఉందో అలాగే ఉంచాలి" అనేవాళ్లూ ఉన్నారు. మ్యూజియంలో పెట్టే వస్తువుకి అది కరెక్టే. కానీ వాడే వస్తువుని తుప్పుకి వదిలేసి దాన్ని గౌరవం అనడం నాకు నచ్చదు. తాతయ్య ఉంటే నవ్వేవారు. ఆయన ప్రతిసారీ ఇంటికి రాగానే రాడ్‌ని మంచినీళ్లతో కడిగి తుడిచి పెట్టిన మనిషి.

నా లెక్కలో చేయాల్సింది ఇది. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు పెట్టి ఒళ్లంతా తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. దారం గట్టిగా ఉండి పైపూత మాత్రమే మాసినచోట నున్నటి వాటర్ పేపర్‌తో, తడిపి, తేలిగ్గా రుద్ది పల్చగా వార్నిష్ వేస్తే చాలు. పొడిగా రుద్దకండి, గాజు దుమ్ము ఒళ్లంతా దురద, ఊపిరితిత్తులకి ఇంకా చెడ్డది. పెయింట్ ఊడగొట్టే ఘాటు కెమికల్స్ అసలే వద్దు, అవి రెసిన్‌ని కూడా తినొచ్చు. పగిలిన చుట్లని మాత్రం విప్పాల్సిందే. బ్లేడు రింగు కాలు మీద ఆనించి దారం కోయాలి, రాడ్ మీద ఆనిస్తే గాజు నార తెగుతుంది. తుప్పు తీసి కొత్త దారం చుట్టి, రెండు మూడు పల్చటి పూతలు. ఒక్కో పూత మధ్య కనీసం ఒక రోజు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది.

వార్నిష్ బదులు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ కూడా వాడతారు. అది గట్టిపడేదాకా రాడ్‌ని గంటల తరబడి నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, లేకపోతే కిందకి జారి బొట్లు కడుతుంది. మా మినీ ప్రాజెక్టులో మిగిలిన గేర్ మోటారు నిమిషానికి 10 చుట్లు తిరుగుతుంది. ఇన్నాళ్లకి దానికో ఉద్యోగం దొరికింది.

కార్క్ పిడిని మాత్రం రుద్దనివ్వను. తాతయ్య బొటనవేలు ఆనేచోట చిన్న పల్లం ఉంది. మురికి సబ్బుతో పోతుంది, పల్లం ఉంటుంది. నేను పట్టుకుంటే నా వేలు దానికి కొంచెం కిందకి వస్తుంది.

ఇక దారం రంగు తేలాలి. పాతది ఇప్పుడు ముదురు మెరూన్‌లా కనిపిస్తోంది కానీ, వార్నిష్ తగిలితే దారం రంగు చిక్కబడుతుంది కాబట్టి కొన్నప్పుడు మామూలు ఎరుపే అయ్యుండొచ్చు. ముందు ఓ పాత పెన్ను మీద నాలుగు చుట్లు చుట్టి, పూత వేసి, ఆరాక పక్కన పెట్టి చూస్తా.