దొంగను పట్టుకున్న తర్వాత ఏం చేయాలి?



పిల్లల బ్యాగులో పాఠ్యపుస్తకం కాని ఇంగ్లిష్ పుస్తకం కనిపిస్తే మనకు వచ్చే మొదటి అనుమానం, ఇది పరీక్షకు పనికొస్తుందా అని. దాని అట్ట మీద చర్చి ఫాదర్ బొమ్మ ఉంటే ఇంకో అనుమానం కూడా తోడవుతుంది: ఇది మత ప్రచారమా? రెండూ అడగదగ్గ ప్రశ్నలే. జి.కె. చెస్టర్టన్ రాసిన ఫాదర్ బ్రౌన్ డిటెక్టివ్ కథలను తొమ్మిది, పది తరగతుల పిల్లలు చదవాలని నా కోరిక. కాబట్టి వాటికి జవాబు చెప్పడం నా బాధ్యత.

ఈ కథల తొలి సంపుటి 1911లో ఇంగ్లండ్‌లో వచ్చింది. అందులో 12 కథలున్నాయి. ఫాదర్ బ్రౌన్ పొట్టి మనిషి. గుండ్రటి ముఖం, చేతిలో ఒక గొడుగు. చూసినవాళ్లు ఉత్త అమాయకుడనుకుంటారు. కానీ జనం వచ్చి తమ పాపాలు చెప్పుకునేది ఆయన దగ్గరే. అందుకే మనిషి మనసులో ఎంత చీకటి ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. తన స్నేహితుడు, నిజమైన ఫాదర్ అయిన జాన్ ఓకానర్‌ను చూసే చెస్టర్టన్‌కు ఈ పాత్ర ఆలోచన వచ్చింది.

వీటిలో 'ది ఫ్లయింగ్ స్టార్స్' అనే కథ ఉంది. క్రిస్మస్ మర్నాడు ఒక పెద్దింట్లో మూడు వజ్రాలు పోతాయి. తీసినవాడు ఫ్లాంబో అనే ఘరానా దొంగ. అతను తోటలో చెట్టెక్కి పారిపోబోతుంటే ఫాదర్ బ్రౌన్ కింద నిలబడి మాట్లాడతాడు. కేకలు వేయడు, పోలీసులను పిలవడు. నువ్వు వెళ్లిపోతే ఈ ఇంట్లో ఉన్న ఒక పేద యువకుడి మీద నింద పడుతుందని చెబుతాడు. కాసేపటికి వజ్రాలు చెట్టు మీద నుంచి కింద పడతాయి. ఆ తర్వాత ఫ్లాంబో దొంగతనం మానేస్తాడు. వేరే కథల్లో అతనే డిటెక్టివ్‌గా, ఫాదర్‌కు ప్రాణస్నేహితుడిగా కనిపిస్తాడు.

మామూలు డిటెక్టివ్ కథ దొంగ దొరకగానే అయిపోతుంది. ఈ కథల్లో అసలు విషయం అక్కడ మొదలవుతుంది. దొరికినవాడిని ఏం చేయాలి? వాడు మళ్లీ మనిషి కావడానికి దారి ఉందా?

ఇది మనకు చాలా దగ్గరి ప్రశ్న. క్లాసులో ఒక జామెట్రీ బాక్స్ పోయిందనుకోండి. అందరి చూపూ ముందు ఎవరి మీదకు పోతుంది? పాత బ్యాగుతో వచ్చే పిల్లవాడి మీదకు, తండా నుంచి ఆటోలో వచ్చే పిల్ల మీదకు. సరే, నిజంగా తీసిన పిల్లవాడే దొరికాడనుకోండి. ఆ రోజు నుంచి పదో తరగతి దాకా వాడి పేరు 'దొంగ' అయిపోతుంది. నీతి పాఠంలో పది వాక్యాలు బట్టీ పట్టించినా ఈ అలవాటు పోదు. ఊపిరి బిగబట్టి చదివిన కథ మాత్రం గుర్తుండిపోతుంది.

ఇక మతం సంగతి. చెస్టర్టన్ గట్టి క్రైస్తవ విశ్వాసి, 1922లో కాథలిక్ అయ్యాడు. ఆ నమ్మకం ఈ కథల్లో ఉంది, దాచాల్సిన పని లేదు. అయితే ఆ నమ్మకం బుద్ధిని పక్కన పెట్టమనదు. 'ది బ్లూ క్రాస్' కథలో పాదిరీ వేషం వేసుకున్న దొంగ తర్కాన్ని తక్కువ చేసి మాట్లాడతాడు. అప్పుడే ఫాదర్ బ్రౌన్‌కు ఇతను అసలు పాదిరీ కాడని రూఢి అవుతుంది. ఇంకో కథలో హంతకుడు స్వయంగా ఒక చర్చి పాదిరీయే. ఏ కథో చెప్పను, పిల్లల సరదా పోతుంది. మత ప్రచారానికే రాసినవాడు అలాంటి కథ రాస్తాడా?

మన పాత మెదక్ జిల్లాలోనే 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన మెదక్ చర్చి ఉంది. క్రిస్మస్‌కు అన్ని మతాలవాళ్లూ వెళ్తారు. ఏడుపాయల దుర్గమ్మను దర్శించుకుని అటు నుంచి చర్చి చూసి వచ్చే కుటుంబాలూ ఉన్నాయి. వెళ్లినంత మాత్రాన ఎవరి నమ్మకమూ చెదరలేదు. పుస్తకమూ అంతే. పైగా మనకిది కొత్త కాదు. మర్యాద రామన్న తీర్పులు, చందమామలో బేతాళ కథలు చదివి పెరిగాం. ఒకవైపు చిక్కుముడి, ఇంకోవైపు ధర్మసందేహం. ఇవీ ఆ జాతి కథలే.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఇవి వందేళ్ల నాటివి. 'ది రాంగ్ షేప్' కథలో భారతీయుడిని చూపిన తీరు మనకు నొప్పి కలిగిస్తుంది. ఆ కాలపు తెల్లవాళ్ల దురభిప్రాయాలు అక్కడక్కడా ఉన్నాయి. అలాంటివి పిల్లలకు ఒంటరిగా ఇవ్వకూడదు. పక్కన కూర్చుని, ఇక్కడ రచయిత తప్పు చేశాడని మాట్లాడుకోవాలి. పిల్లలు అచ్చులో ఉన్నదాన్ని ప్రశ్నించడం నేర్చుకునేది అలాగే.

పరీక్ష విషయానికొస్తే, పాసేజ్ ఇచ్చి ప్రశ్నలడిగితే మన పిల్లలు జవాబున్న లైను వెతికి దించేస్తారు. డిటెక్టివ్ కథలో ఆ ఎత్తు పారదు. ఎవరు ఏమన్నారు, ఎందుకన్నారు అని గుర్తుపెట్టుకుంటూ చివరి పేజీ దాకా చదవాల్సిందే. ఇంగ్లిష్ కొంచెం కష్టం, వాక్యాలు పొడవు. వారానికి ఒక కథ, రోజుకు రెండు మూడు పేజీలు చాలు. పైసా ఖర్చు లేదు. తొలి సంపుటి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు. ఆదివారం కథను తెలుగులోనో, ఇంట్లో మాట్లాడే ఇంకే భాషలోనో చెప్పమనండి. విన్న తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ముందు ఎవరిని అనుమానించావు? ఎందుకు? దొరికినవాడిని నువ్వైతే ఏం చేసేవాడివి, ఏం చేసేదానివి? మూడో ప్రశ్నకు మీ బాబు, మీ పాప చెప్పే జవాబు కాస్త ఓపిగ్గా వినండి. ప్రోగ్రెస్ కార్డులో కనిపించని సంగతి ఒకటి మీకు తెలుస్తుంది.