ఒక్క అంకె చాలదు

2025లో మన దేశం పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపే స్థాయికి చేరింది. సంతోషించదగినదే. కాని ఆ 20 వెనుక నేల, నీరు ఎంత ఖర్చయ్యాయి?

ఇథనాల్‌ను చక్కెర తీయగా మిగిలిన మడ్డి నుంచి చేయవచ్చు. చెరకు రసం, మొక్కజొన్న, బియ్యం, వరిగడ్డి నుంచీ చేయవచ్చు. సీసాలో చూస్తే అన్నీ ఒకటే. తేడా పొలంలో ఉంది. నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం చెరకు నుంచి లీటరు ఇథనాల్ రావడానికి సుమారు 2,860 లీటర్ల నీరు కావాలి. ధాన్యం వాడితే మన తిండికీ, కోళ్ల దాణాకూ పోటీ. గడ్డి అంతా తరలిస్తే పశువులకు మేత, నేలకు సేంద్రియ పదార్థం కరువు.

జ్వరం లేనంతమాత్రాన వైద్యుడు రోగిని ఇంటికి పంపడు. నాడి, రక్తపోటు కూడా చూస్తాడు. జీవ ఇంధనానికీ అలాంటి పరీక్షే కావాలి. ఏటా ఆ శాతాన్ని ప్రకటించేటప్పుడు దాని పక్కనే నీరు ఎన్ని లీటర్లు, నేల ఎన్ని ఎకరాలు, తిండిగింజలు ఎన్ని టన్నులు, రైతుకు దక్కినది ఎంత అన్న లెక్కలూ ప్రకటించాలని నా అభిప్రాయం. వీటిని కలిపి ఒకే మార్కుగా మార్చరాదు. రైతు ఆదాయం పెరిగిందని చూపి, బోర్లలో నీటిమట్టం పడిపోవడాన్ని దాచకూడదు. లెక్కల్లో మార్కులు ఎక్కువ వచ్చినా, సైన్సు తప్పితే తప్పినట్లే కదా!