దుకాణంలో వాటా ఇచ్చారు, మానటానికి చోటేది?

2021లో తెలంగాణ ప్రభుత్వం మద్యం దుకాణాల్లో రిజర్వేషన్లు పెట్టింది. గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5. ఇది సామాజిక న్యాయమట! చప్పట్లు కొట్టినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. సరే, అమ్మటానికి వాటా వచ్చింది. తాగుడు మానాలనుకునే మాదిగకు, మాలకు, చెంచుపెంటలోని మనిషికి ఏం వచ్చింది? అమ్రాబాద్‌లో నిలబడి అడుగుతున్నాం.

సీసా యాడ దొరుకుతదో ఇక్కడ చిన్న పిలగాడు కూడా చెప్తడు. బెల్టుషాపు అర్ధరాత్రి కొట్టినా తలుపు తీస్తది. "అన్నా, నేను మానాలె, యాడికి పోవాలె?" అంటే మాత్రం జవాబు లేదు. మేము అమ్రాబాద్‌లో అడిగాం, మన్ననూర్‌లో, అచ్చంపేటలో అడిగాం. ఒకాయన ఎర్రగడ్డ అన్నడు. ఇంకొకాయన దర్గాకు తోలుకపొమ్మన్నడు. మరొకాయన అయ్యప్ప దీక్ష ఇప్పియ్యమన్నడు. దీక్ష 41 రోజులు. 42వ రోజు సంగతేంది? ఎర్రగడ్డ దాదాపు 140 కిలోమీటర్లు. కూలి పోగొట్టుకుని, బస్సుకు అప్పుచేసి పోతే మందులిస్తరు. తిరిగొచ్చినాక మళ్లీ అదే అరుగు, అదే జత.

ఆ అరుగు మీద మానినోళ్లు కూడా కూర్చోవాలన్నదే మా మాట. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్నంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు ఒకరి గోడు ఒకరికి చెప్పుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అట్లా పుట్టింది. 1957లో మన దేశానికొచ్చింది. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో మీటింగులు జరుగుతున్నాయి. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. తాగి చెడి మానినవాడు తన కథ చెప్తడు, మిగతావాళ్లు వింటరు. ఇయ్యాల ఒక్కరోజు తాగను అన్నదే అక్కడ లెక్క. ఇద్దరు ముగ్గురు కూర్చుంటే మీటింగ్ అయినట్టే. దీనికి జీవో అక్కర్లేదు, ఎమ్మెల్యే కొబ్బరికాయ కొట్టనక్కర్లేదు.

అక్కడ ఇంటిపేరు చెప్పరు. ఇది మాకు బాగా నచ్చింది. మన ఊళ్లలో ఇంటిపేరు అడగటమంటే కులం అడగటమే గదా! కాని పట్నంలో దాగే పేరు వాడలో దాగదు, అందరూ చుట్టాలే. ఇక్కడ విన్నది ఇక్కడే ఇడిచిపోవాలె అనే కట్టుబాటు మనమే పెట్టుకోవాలె. చోటు కూడా చూసుకోవాలె. గుడి మండపంలో పెడితే మనోడు రాడు. పెద్దల ఇంటి ముందర పెడితే అసలే రాడు. అంబేడ్కర్ భవనంలోనో, పిల్లలు పోయినాక బడి గదిలోనో, కూలి నుంచి వచ్చే యాళ్లకు పెట్టాలె. ఆడవాళ్లు వేరే కూర్చోవాలె. తాగేటోని ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. దెబ్బలు తిన్నామె చెప్పుకోవాల్సింది వేరే ఉంటది.

దాంట్లో దేవుడి మాట ఉందని కొందరు మిత్రులు మొహం చిట్లించారు. ఎవరు అర్థం చేసుకున్న తీరు వారిదేనని ఆ పద్ధతే చెప్తుంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలమందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఒకటి. దేవుడు వద్దనుకునేవాళ్లకు ఆ ప్రతిజ్ఞ చాలదా?

ఒక్క హెచ్చరిక. ఏండ్లకేండ్లు రోజూ తాగిన మనిషి ఒక్కసారే ఆపితే చేతులు వణుకుతయి, ఫిట్సొస్తయి, లేనివి కనబడతయి. ప్రాణం కూడా పోవచ్చు. 2015లో కల్తీ కల్లు ఆగిపోయినప్పుడు మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, నిజామాబాద్‌లో జనం ఆస్పత్రులపాలైంది ఇందుకే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు దుకాణాలు మూస్తే ఎర్రగడ్డకు క్యూ కట్టారు. అది దయ్యం కాదు. ముందు డాక్టర్, తర్వాత మీటింగు. 14446కు గాని 14416కు గాని పైస ఖర్చు లేకుండా ఫోన్ చేసి దగ్గర్లో ఏముందో అడగొచ్చు.

మాలమాదిగలు తాగి చెడిపోయారంటారు. చావుకు డప్పు కొట్టించుకుని కూలికి బదులు సీసా చేతిలో పెట్టిందెవరు? ఓట్లప్పుడు వాడకు పెట్టెలు దించేదెవరు? ఆ లెక్క తేలాల్సిందే. తేలేదాకా మనిషి కాలేయం ఆగదు.

1992లో దూబగుంట ఆడవాళ్లు లేచారు. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ అమ్మలు దుకాణంతో కొట్లాడి గెలిచారు. తాగుడు మరిగిన మనిషిని ఏం చేయాలన్నది ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. 2023లో ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు పెట్టి, దుకాణాల దరఖాస్తుల మీదే 2,600 కోట్ల పైచిలుకు రాబట్టారు. దాంట్లోంచి అమ్రాబాద్ ఆస్పత్రిలో వారానికొకరోజు మాన్పించే డాక్టర్ని కూర్చోబెట్టలేరా?

మన సంఘాలనూ ఒకమాట అనక తప్పదు. మీటింగు అయినాక సీసాలు తెరిచే అలవాటు మనలోనూ ఉంది. ఏప్రిల్ 14న డీజే ముందు పిల్లలు తాగి ఊగుతుంటే, ఉత్సాహంలే అని ఊరుకుంటున్నాం. వచ్చే జయంతికి చందాలు రాసేటప్పుడు డీజే పద్దు సగం కోసి, ఎర్రగడ్డకు పోయొచ్చేటోళ్ల బస్సు చార్జీలకు తీసిపెట్టమని అమ్రాబాద్ మండలంలోని సంఘాలన్నిటినీ కోరుతున్నాం.