వెదకువారికి మన పంట కనబడవలెను

బాలానగరు సీతాఫలము పేరు దేశమున ప్రసిద్ధము. అయినను గూగులులో బాలానగరని మాత్రమే వెదకువానికి హైదరాబాదు పారిశ్రామికవాడ ముందు కనబడి, మహబూబునగరము జిల్లాలోని మన గ్రామము మరుగుపడవచ్చును. కోసిన ఫలము కొలది దినములలో మెత్తబడును; కొనువాడు ఆలసించిన నష్టము రైతుదే.

కావున సహకార సంఘములు తమ వెబ్‌సైటులయందు జిల్లా, గ్రామము, ఫలజాతి, కోతకాలము, తూకము, ధర తెలుగునను ఇంగ్లీషునను స్పష్టముగా వ్రాయవలెనని మా యభిప్రాయము. ఒకే మాటను పదేపదే చొప్పించుట గూగులు నియమములకు విరుద్ధము. అట్టి పుట వెనుకబడును. ప్రథమస్థానము తప్పక ఇప్పింతుమని సొమ్మడుగువారిని నమ్మరాదు. అట్టి హామీ ఎవరును ఇయ్యజాలరని గూగులువారే తెలిపియున్నారు. సంఘమునకు సొమ్ము ఖర్చు లేని పని యొకటి కలదు: కోత ముగిసిన నాడే పాత ధరను తీసివేయుట. దానిని చూచి వచ్చి మోసపోయిన కొనుగోలుదారు మరల మన గడప త్రొక్కడు.